అక్కవాళ్ల పెరట్లో తెల్ల ట్యాంకు

బోస్టన్ నుంచి ఐ-93 హైవే ఎక్కి ఉత్తరానికి రెండున్నర గంటలు పోతే ఫ్రాంకోనియా నాచ్ వస్తుంది. న్యూ హ్యాంప్‌షైర్‌లో రెండు కొండల మధ్య ఇరుకు దారి అది. అంత పెద్ద హైవే కూడా అక్కడ సన్నబడిపోయి అటొక లేను, ఇటొక లేను అయిపోతుంది. ఒకప్పుడు ఆ కొండ అంచున ముసలాయన ముఖంలా కనిపించే రాయి ఉండేది. 2003 మే 3న అది కూలిపోయింది. అయినా ఆ రాష్ట్రం వాళ్లు ఆయన్ని వదల్లేదు. రోడ్డు నంబరు బోర్డుల మీద ఇప్పటికీ ఆ ముఖమే. రాయి లేని చోట బొమ్మ చూసుకుంటూ వెళ్లడం నాకు భలే నచ్చింది.

ఆ కొండ దిగాక ఫ్రాంకోనియా ఊరు. కవి రాబర్ట్ ఫ్రాస్ట్ కొన్నేళ్లు ఉన్న ఇల్లు ఇక్కడే, ఇప్పుడది మ్యూజియం. మా అక్కా బావా రెండేళ్ల క్రితం ఆ చుట్టుపక్కలే ఒక పాత ఇల్లు కొన్నారు. బావది ఇంటి నుంచే ఉద్యోగం. అక్కకి నాలుగు నెలల పాప. తెనాలి నుంచి అమ్మ వచ్చింది. నేను బోస్టన్‌లో మాస్టర్స్ చేస్తున్నా కాబట్టి జనవరి సెలవుల్లో అమ్మ చేతి వంట కోసం వెళ్లా. నిజం చెప్పాలంటే గోంగూర పచ్చడి కోసం.

ఇంటి వెనక, గోడకి పది అడుగుల పైన దూరంలో, మంచులో సగం మునిగి ఒక తెల్ల ట్యాంకు ఉంటుంది. దూరం నుంచి చూస్తే పడుకున్న గేదెలా ఉంటుంది. ఈ పల్లెలకు పైపులైను గ్యాస్ రాదు. కాబట్టి వంటపొయ్యి, వేడినీళ్ల హీటర్, బట్టలారబెట్టే డ్రయర్, ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేస్, కరెంటు పోతే దానంతటదే లేచే జనరేటర్, ఈ ఐదూ ఆ ఒక్క ట్యాంకు మీదే బతుకుతాయి.

అమ్మ మొదటి రోజే అడిగింది, "ఇందులో ఎన్ని బండలు పడతాయి బాబూ?" అని. ట్యాంకు 500 గ్యాలన్లది. ద్రవం వేడికి ఉబ్బుతుంది కనక 80 శాతానికి మించి నింపరు. అంటే 400 గ్యాలన్లు, సుమారు 760 కిలోలు. మన ఇంటి బండ 14.2 కిలోలు. బావ ఫోన్‌లో లెక్కేసి, "యాభై మూడు, అత్తయ్యా" అన్నాడు. అమ్మ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. రెండో బండ కోసం పాస్‌బుక్ పట్టుకుని తిరిగిన మనిషి మరి.

ఇంకో తేడా ఉంది. మన బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన గ్యాస్. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. అందుకే ఇక్కడ దాదాపు అంతా ప్రొపేనే వాడతారు. అది మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతూనే ఉంటుంది. ట్యాంకులో వేసవిలో వంద పిఎస్‌ఐ దాటే ప్రెషర్‌ని ట్యాంకు మీద రెగ్యులేటర్ పదికి దించుతుంది. ఇంటి గోడ మీద ఇంకో రెగ్యులేటర్ దాన్ని అర పిఎస్‌ఐ కన్నా తక్కువకి తెస్తుంది. అక్కడి నుంచి ఒక్కో పైపు ఒక్కో మిషన్‌కి చీలుతుంది.

ఇదంతా నాకు శనివారం రాత్రి దాకా అక్కర్లేని జ్ఞానం.

శుక్రవారం నుంచే మంచు కురుస్తోంది. గ్యాస్ ట్రక్కు రావాల్సింది అదే రోజు. రోడ్లు బాగాలేవు, సోమవారం వస్తాం అని మెసేజ్ పెట్టారు. ట్యాంకు మీటరు 22 శాతం చూపిస్తోంది. అంటే ఇంకా 110 గ్యాలన్లు, రెండు రోజులకి బోలెడు. బావ ధీమా కూడా అదే.

శనివారం రాత్రి తొమ్మిదికి కరెంటు పోయింది. పది సెకన్లలో బయట జనరేటర్ లేచింది. లైట్లు వెలిగాయి, వైఫై వచ్చింది, డ్రయర్‌లో పాప బట్టలు మళ్లీ తిరిగాయి. నేను రీల్స్ చూసుకుంటూ పడుకున్నా. బయట మైనస్ 23.

రెండింటికి అక్క లేపింది. "తమ్ముడూ, ఇల్లు చల్లబడుతోందిరా." ఫర్నేస్ ఆగిపోయి ఎర్ర లైటు మిణుకుమంటోంది. జనరేటర్ ఊపిరందని మనిషిలా ఒకసారి పెద్దగా, ఒకసారి సన్నగా గురకపెడుతోంది. వంటింట్లో పొయ్యి వెలిగించి చూస్తే నీలం మంట పొట్టిగా, బద్ధకంగా లేచింది. బావ టార్చి తీసుకుని వెళ్లి చూసొచ్చాడు. మీటరు 20 దగ్గరే ఉంది. గ్యాస్ ఉంది. రావడం లేదు, అంతే.

ఎందుకో అప్పుడు వంటింటి బల్ల దగ్గర కూర్చుని బావ చెప్పాడు. ట్యాంకులో ఉన్నది ద్రవం. అది ఆవిరైతేనే మంటకి పనికొస్తుంది. ఆవిరవడానికి వేడి కావాలి. ఆ వేడి బయటి గాలి నుంచి, ట్యాంకు ఇనుప గోడ గుండా, ద్రవం తగిలే చోట మాత్రమే లోపలికి వస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే తగిలే చోటు ఎక్కువ. అడుక్కి దిగితే తక్కువ. బయట చలి పెరిగితే ఇంకా తక్కువ. ట్యాంకు పెట్టినప్పుడు మెకానిక్ రాసిచ్చిన కాగితం తీశాడు. ఐదో వంతు నిండిన ఈ సైజు ట్యాంకు మైనస్ 18 సెంటీగ్రేడ్ దగ్గర గంటకి రెండున్నర లక్షల బీటీయూ పైచిలుకు ఇస్తుంది. మైనస్ 23 దగ్గర అందులో సగమే. మనకి కావలసింది? ఫర్నేస్ 80 వేలు, వేడినీళ్లు 40 వేలు, డ్రయర్ 22 వేలు, సగం లోడు మీద జనరేటర్ ఇంకో లక్ష పైన. పైగా ఎంత ఎక్కువ లాగితే లోపలి ద్రవం అంత చల్లబడి, ఇంకా తక్కువ ఇస్తుంది.

అమ్మ వెంటనే పట్టేసింది. "పెళ్లిళ్లలో పులిహోర గాడిపొయ్యి దగ్గర బండకి మంచు పడుతుందే, అదే కదా? వంటవాళ్లు వేడినీళ్లు పోస్తారు." మన హోటళ్లలో నాలుగైదు 19 కిలోల బండలు ఒకే పైపుకి కలిపి పెట్టేది కూడా ఇందుకే. ఒక్కదాని మీదే భారం పడకుండా. కానీ బావ అడ్డం తలూపాడు. "ఇక్కడ పోస్తే క్షణంలో గడ్డకడతాయి అత్తయ్యా. రెగ్యులేటర్ ఊపిరి తీసుకునే చిన్న రంధ్రం మూసుకుపోతే మొదటికే మోసం."

తమాషా ఏంటంటే, ఫర్నేస్ కాలేది గ్యాస్‌తోనే అయినా, వేడిగాలి తోసే ఫ్యాన్‌కి కరెంటు కావాలి. కరెంటుకి జనరేటర్ కావాలి. జనరేటర్‌కి మళ్లీ అదే గ్యాస్. ఒకే కంచంలో ఇద్దరు తింటూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నట్టు.

అక్క పొయ్యి నాలుగు బర్నర్లూ వెలిగించి వంటింట్లోనే అందరం పడుకుందాం అంది. బావ ఒక్కదానికి మాత్రం గట్టిగా అరిచాడు, దీనికే. తలుపులన్నీ బిగించిన ఇంట్లో మంట పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు. గ్యాస్ లీకైతే కనీసం కుళ్లిన వాసన కలుపుతారు కాబట్టి తెలుస్తుంది. అక్క ఏడుపు ఆపుకుని పాపని దుప్పట్లో ఇంకోసారి చుట్టింది. ఎదురింటికి వెళ్దామంటే తలుపు తీస్తే నడుం లోతు మంచు.

"ఒకదాని తర్వాత ఒకటి వాడండి. పొయ్యి మీద పాలు ఉన్నప్పుడు గీజర్ వేస్తామా ఏంటి?" అంది అమ్మ.

అదే చేశాం. డ్రయర్ ప్లగ్గు పీకేశాం. నీళ్ల హీటర్‌ని పైలట్‌కి తిప్పాం. కరెంటు బాక్స్‌లో ఫర్నేస్‌ది తప్ప అన్ని స్విచ్‌లూ దించేశాం, వైఫైతో సహా. ఫ్రిజ్ సంగతి అడగొద్దు, పెరుగు గిన్నె వరండాలో పెట్టాం. నేనూ బావా చీపురు పట్టుకుని బయటికెళ్లాం. పార కాదు, చీపురే. పారతో కొడితే పైపు విరుగుతుంది. ట్యాంకు నెత్తి మీద మంచు, రెగ్యులేటర్ల చుట్టూ మంచు, గోడలోంచి బయటికొచ్చే ఫర్నేస్ పొగగొట్టం దగ్గర మంచు అంతా ఊడ్చాం. పావుగంటకే నా కనురెప్పలు అతుక్కుంటున్నాయి.

జనరేటర్ ఆపి ముప్పావుగంట ట్యాంకుని ఊరికే వదిలేశాం. ఆ ముప్పావుగంట బాగా పొడుగు. ఐదుగురం ఒకే గదిలో, గుమ్మానికి దుప్పటి కట్టి, పాప మధ్యలో. ఎవ్వరం మాట్లాడలేదు. మూడున్నరకి బావ మళ్లీ స్విచ్ వేశాడు. ఈసారి జనరేటర్ గురక లేకుండా, ఒకే రాగం మీద నడిచింది. ఫర్నేస్ రెండుసార్లు టిక్కుమని, మూడోసారి అంటుకుంది. జాలీలోంచి వెచ్చటి గాలి రాగానే అక్క పాప కాళ్లు అటు తిప్పింది.

తెల్లారేదాకా థర్మోస్టాట్ 16 దాటనివ్వలేదు. గంట నడపడం, గంట ఆపడం. కాఫీ కావాలంటే ఫర్నేస్ ఆగేదాకా ఆగాల్సిందే. బయట ఎండ వచ్చాక మంట మళ్లీ దాని ఎత్తుకి లేచింది. మధ్యాహ్నం కరెంటు వచ్చింది.

సోమవారం ట్రక్కు వచ్చేసరికి రోడ్డు నుంచి ట్యాంకు దాకా దారి తవ్వి ఉంచాం. డ్రైవర్ పొడుగాటి గొట్టం భుజాన వేసుకుని మంచులో నడుస్తూ, మీటరు చూసి, ముందు నన్ను చూసి నవ్వాడు. 14 శాతం. పది శాతం దాటి కిందికి పోయి పూర్తిగా అయిపోయుంటే, మళ్లీ అన్ని పైపులకీ లీకు పరీక్ష చేశాకే వెలిగించనిస్తారట. దగ్గర దగ్గర 330 గ్యాలన్లు పోశాడు. ఇకనుంచి చలికాలంలో 40కి దిగగానే వస్తామని చెప్పి రాసుకున్నాడు.

అమ్మ కిటికీలోంచి అంతా చూసింది. ఆయన వెళ్లబోతుంటే నన్ను పిలిచి ఒక ప్లేట్‌లో నాలుగు సున్నుండలు పెట్టి పంపింది. బండ తెచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపుతామా అంది.