ఎరుపు మళ్లీ కట్టుకున్నాం

వరంగల్, జనగామ, మహబూబాబాద్ వైపు తాండాల నుంచి పట్నం వచ్చేవాళ్లకు ఉప్పల్ చౌరస్తానే గడప. మేమూ ఆ గడప దాటే వచ్చాం. ఇరవై ఏళ్ల వయసులో వచ్చినవాళ్లం ఇప్పుడు యాభై దాటి అరవైకి దగ్గరపడ్డాం. మేమంటే ఉప్పల్, నాచారం, మల్లాపూర్ బస్తీల్లో ఉండే ఏడుగురు లంబాడీ ఆడవాళ్లం. మాలో కొందరు నాచారం ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్ పని చేశారు, కొందరు కుట్టు మిషన్ మీద కూర్చున్నారు, ఒకామె బడిలో ఆయమ్మగా చేసింది. ముప్పై ఏళ్లు మా ఒంటి మీద లేని ఎరుపు మళ్లీ వచ్చింది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

మా యాడీల ఒంటి మీద ఎరుపే నేల. ఫేట్యా, కాంచళి, తల మీద టుక్రి, మూడింటిలోనూ ముందు ఎరుపు, ఆ తర్వాతే పసుపు దారం, తెల్ల దారం, అద్దాలు, గవ్వలు, పూసలు. తాండా గుడి ముందు సేవాలాల్ మహరాజ్‌ది తెల్ల జెండా, మేరామా యాడిది ఎర్ర జెండా. అద్దాలు అడవి జంతువులను బెదిరించడానికని పుస్తకాల్లో రాస్తారు. మా యాడీలను అడిగితే మాత్రం బాగుంటాయని పెట్టుకున్నామనే చెప్పేవాళ్లు. మాకు ఆ జవాబే నచ్చుతుంది.

ఆ ఎరుపు ఎక్కడిదని చదువుకున్న పిల్లలు అడుగుతారు. అడగాల్సిందే. మనవాళ్లు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా తిరిగినవాళ్లు. బట్ట బజారులో కొన్నదే. ఒకప్పుడు మన దేశంలో బట్టకు ఎరుపు మంజిష్ఠ వేరు నుంచి, చిరువేరు నుంచి, లక్క నుంచి వచ్చేది. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్‌మాన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు మంజిష్ఠ జాతి వేళ్లలో ఉండే ఆ ఎరుపునే, అలిజరిన్‌ను, ప్రయోగశాలలో తయారు చేశారు. తర్వాత వేళ్ల రంగు బజారు నుంచి తప్పుకుంది. దాదాపు ఆ కాలంలోనే రైళ్లు వచ్చి మన ఎడ్ల బిడారులను తప్పించాయి. అంటే మా తాతమ్మలు కట్టిన ఎరుపు మిల్లు ఎరుపే కావచ్చు. 'అసలు ఎరుపు' అని పట్టుబట్టేవాళ్లతో మాకు పేచీ అక్కడే. రంగు ఎవరిదైనా కుట్టు మనది.

మేము ఎరుపు ఎందుకు విడిచామంటే, సిగ్గుపడి విడిచామని కొందరు రాస్తారు. సిగ్గు కొంత ఉండొచ్చు, లెక్కే ఎక్కువ. అద్దాల బట్టలతో వెళ్తే ఇల్లు కిరాయికి ఇవ్వలేదు. నేత చీర కట్టుకుని అదే గల్లీలో అడిగితే ఇచ్చారు. సిటీ బస్సులో పక్క సీటు మనిషి తన సంచిని ఒళ్లోకి లాక్కునేది. ఫ్యాక్టరీ గేటు లోపల నీలం చొక్కా. బంజారాహిల్స్ అని మన పేరు పెట్టుకున్న పట్నంలో మనకు ఒక గది దొరకడానికి మన బట్ట అడ్డం! పిల్లల ఫీజులు కట్టాలి, గది కావాలి. అందుకే ఫేట్యాలు ట్రంకు పెట్టెలోకి పోయాయి. ఆ లెక్క అప్పటికి సరైనదే.

పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకున్నాక, గేటు దగ్గర ఎనిమిదింటికి నిలబడే పని పోయాక, లెక్క మారింది. మాలో ఒకామె ట్రంకులో వాళ్ల యాడి కాంచళి దొరికింది. వెనక నాడాలు తెగిపోయాయి, చంకల దగ్గర బట్ట జాలీ అయిపోయింది, రొమ్ము మీది కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. కత్తిరించి కొత్త జాకెట్ మీద వేద్దామని కొందరం, ముట్టుకోవద్దని కొందరం. రెండు ఆదివారాలు వాదించుకున్నాం. చివరికి ముట్టుకోలేదు. దాన్ని తిరగేసి, వెనకవైపు దారం ఎటు నుంచి ఎటు పోయిందో చూసి నేర్చుకున్నాం. కుట్టు రహస్యం ఎప్పుడూ వెనకవైపే ఉంటుంది. సండూరు లంబాణీలు కుట్లకు మాకి, వేలే, కిలన్, పోటే అని పేర్లు చెబుతారు. మా యాడీలు మాకు పేర్లు చెప్పలేదు, చెయ్యి పట్టి చూపించారు. ఆ చెయ్యి గుర్తు తెచ్చుకోవడానికి అరచేయంత ముక్క మీద మూడు వారాలు పట్టింది.

కళ్ల సంగతి కూడా చెప్పాలి. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపు తిరుగుతుంది. ముదురు నీలానికీ నలుపుకూ తేడా సరిగా తెలియదు. ఎరుపు మాత్రం తేటగా కనిపిస్తుంది. ఎర్ర బట్ట మీద తెల్ల దారం పోగులు మేము ఇప్పటికీ లెక్కపెట్టగలం. అందుకే ఎండ పడే బాల్కనీలో కూర్చుంటాం.

బట్ట కొనేటప్పుడు ఒక మూల తడిపి తెల్ల చేతిరుమాలుతో రుద్ది చూస్తాం. రుమాలు గులాబీ రంగు తిరిగితే అక్కడే వదిలేస్తాం. ఇంటికి తెచ్చిన బట్టను కుట్టే ముందు ఒక రాత్రి ఉప్పునీళ్లలో నానబెడతాం. ఉప్పు రంగును పట్టి ఉంచుతుందో లేదో గానీ, విడవాల్సిన రంగు ఆ బకెట్‌లోనే విడిచేస్తుంది. ఉప్పు మోసిన జాతికి ఉప్పు ఇంకా ఏదో ఒక పనికి వస్తూనే ఉంది.

మాలో ఇద్దరికి భర్తలు లేరు. భర్త పోతే ఘుగ్రీ, టోప్లీ తీసేయడం మన ఆచారం. ఎరుపు కట్టినా తాండాలో పెద్దవాళ్లు మూతి తిప్పుతారు. మొదటిసారి ఎర్ర జాకెట్ కుట్టుకున్నప్పుడు ఒకామె కోడలే అడ్డం చెప్పింది. ఆమె అన్నది ఒకటే మాట: "ఆయన ఉన్నన్నాళ్లూ ఫ్యాక్టరీ నీలం. ఆయన పోయాక ఎరుపు వద్దంటే, నేనెప్పుడు కట్టాలి?" దానికి జవాబు చెప్పేవాళ్లు లేరు. ఘుగ్రీలు ఆమె పెట్టుకోలేదు, అది ఆమె ఇష్టం. ఎరుపు మాత్రం విడవలేదు.

మేము పాత వేషంలోకి పూర్తిగా పోలేదు. ఆ బరువు మోసే నడుములు మావి కావిప్పుడు. వీపు లేని కాంచళి వేసుకుని మెట్రో ఎక్కేదీ లేదు. ఎర్ర జాకెట్ చేతులకు ఒక పట్టీ, మనుమరాలి లాప్‌టాప్ సంచి మీద ఒక ముక్క, దిండు గలీబు, అంతే. మనుమరాలు అడుగుతుంది, "దాదీ, ఈ రోజు ఏం ఫంక్షన్?" అని. ఏమీ లేదు, మంగళవారం, అంటాం.

పంతుళ్లకు ఒక విన్నపం. బడి వార్షికోత్సవంలో 'లంబాడీ డ్యాన్స్' అంటే కిరాయి దుస్తులు తెస్తారు. ప్లాస్టిక్ అద్దాలు, జిగురుతో అతికించిన గవ్వలు. తరగతిలో తాండా పిల్ల ఉంటే, ఆ పిల్ల దాదీ చేతి ముక్క ఒకటి తెప్పించి, దాన్ని తిరగేసి చూపించండి. ఎన్ని పోగులు, ఎన్ని గళ్లు, లెక్కల పాఠం అందులోనే ఉంది. బళ్లారి జిల్లా సండూరులో కుశల కళా కేంద్రం వాళ్లు ఈ కుట్టునే బతుకుతెరువు చేసుకున్నారు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2023 జూలైలో హంపిలో జి20 సమావేశాలప్పుడు 1,755 లంబాణీ వస్తువులు ఒకచోట పెట్టి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఆ చేతులకూ మా చేతులకూ తేడా ఏమీ లేదు.

ఇప్పుడు మనుమరాలి కోసం ఒక కాంచళి కుడుతున్నాం, శ్రావణంలో తీజ్‌కు. వీపు మూసి కుట్టమంది, అట్లనే కుడుతున్నాం. ఎడమ భుజం అయింది. కుడివైపుకు అద్దాలు ఇరవై తక్కువ పడ్డాయి. ఈ ఆదివారం బేగంబజార్ ఎవరు పోవాలో ఇంకా తేలలేదు.