పౌరహక్కుల సభకు మనమేల పోవలెను?



నెల చివర నీ గ్రామములో చాటింపు వేయుట నీవు వినియుందువు. "రేపు పది గంటలకు బడి దగ్గర పౌరహక్కుల దినం. తహశీల్దారుగారు, ఎస్సైగారు వస్తున్నారు. అందరూ రావాలహో" అని చెప్పి ఆ మనుష్యుడు ముందు వీధికి పోవును. నీవు గేదెను మార్చి కట్టుటకో, కూలికి పోవుటకో లేచి వెళ్లుదువు. ఈ నెల నేను నీతో మాటలాడగోరునది ఆ చాటింపును గూర్చియే.

మన రెండు తెలుగు రాష్ట్రములలోను నెలకొకసారి, సాధారణముగా నెలాఖరున, ఏదో యొక గ్రామములో ఈ సభ జరుపు వాడుక యున్నది. దీనికి రుసుము లేదు, చందా లేదు, ఒకరి సిఫారసు అక్కరలేదు. అంటరానితనమును రద్దుచేసిన రాజ్యాంగపు 17వ అధికరణమును గూర్చియు, 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టమును గూర్చియు, ఎస్సీ ఎస్టీలపై అత్యాచారములను అరికట్టుటకు వచ్చిన 1989 నాటి చట్టమును గూర్చియు అధికారులు చెప్పుదురు. ప్రజలు తమ ఇబ్బందులు చెప్పుకొనవచ్చును.

ఉన్నమాట చెప్పవలెనన్న, ఇట్టి సభలు కొన్ని పావుగంటలో ముగిసిపోవును. జీపు వచ్చును, ఫొటో తీయుదురు, రిజిస్టరులో సంతకములు పెట్టింతురు, జీపు పోవును. "దీనికేనా అయ్యగారూ, మమ్మల్ని పని మానుకొని రమ్మన్నారు?" అని మా సంఘపెద్ద యొకడు నన్నడిగెను. వినువారు పదిమందియే యున్న సభ అట్లే ముగియును. అడుగువారున్న సభను అంత త్వరగా ముగించుట ఏ అధికారికిని సాధ్యము కాదు.

అయితే మన విశ్వాసులు రాకపోవుటకు కారణము సభ చిన్నదని కాదు. వారిలో కొందరు భక్తితో చెప్పు మాట యొకటి కలదు: "మనం పరలోక రాజ్యపు వాళ్లం, ఈ లోకపు హక్కులతో మనకేం పని?" పరలోక పౌరసత్వమును గూర్చి పౌలు ఏ సంఘమునకు వ్రాసెనో యెరుగుదువా? ఫిలిప్పీ సంఘమునకు. ఆ ఫిలిప్పీ పట్టణములోనే కదా ఆయనను విచారణ లేకుండ బెత్తములతో కొట్టి చెరలో వేసిరి! తెల్లవారిన తరువాత రహస్యముగా వెళ్లిపొమ్మని అధికారులు వర్తమానము పంపినప్పుడు ఆయన వెళ్లలేదు. తాను రోమా పౌరుడనని చెప్పి, ఆ అధికారులే స్వయముగా వచ్చి తమ్మును వెలుపలికి తోడుకొని పోవలెనని పట్టుపట్టెను. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము తీసి చూడుము. వేదాంత కళాశాలలో మా గురువుగారు ఈ భాగము బోధించునప్పుడు ఒక ప్రశ్న వేసిరి: పౌలు ఆ దినముననే ఊరు విడిచి పోవుచుండెను గదా, ఆయనకు ఆ మర్యాద దేనికి? దేనికనగా, లూదియ అచ్చటనే యుండవలెను, చెరసాల నాయకుడు అచ్చటనే యుండవలెను. ఊరిలో మిగిలియుండు క్రొత్త విశ్వాసుల కొరకు ఆయన ఆ పట్టు పట్టెనని మా గురువుగారి యభిప్రాయము. నాదియు అదియే.

యెరూషలేములో కొరడాలతో కొట్టబోయినప్పుడు కూడ పౌలు తన పౌరసత్వమును చెప్పుకొనెను. అచ్చటి సహస్రాధిపతి దానిని చాల ధనమిచ్చి కొనుక్కొనినవాడు; పౌలు పుట్టుకతోనే పౌరుడు. నీవును అట్టివాడవే. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము నీ పౌరసత్వమునకు వెల కట్టలేదు.

మరికొందరు చెప్పు మాట వేరు: "మనం క్రైస్తవులం, ఈ చట్టాలు మనకు వర్తించవు." ఇది కొట్టివేయదగిన మాట కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువులును, 1956 తరువాత సిక్కులును, 1990 తరువాత బౌద్ధులును మాత్రమే షెడ్యూల్డు కులములవారుగా ఎంచబడుదురు. దళిత క్రైస్తవులు మన రాష్ట్రములలో బి.సి. 'సి' వర్గములో నున్నారు. క్రైస్తవ మతము పుచ్చుకొనినవానికి 1989 చట్టపు రక్షణ లేదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు వ్యాజ్యములో తీర్పు చెప్పెను. ఇది మనలను బాధించు సంగతియే. అయితే 17వ అధికరణము మతము పేరెత్తలేదు. 1955 చట్టము అంటరానితనము కారణముగా 'ఏ వ్యక్తినైనను' అడ్డగించుట నేరమనుచున్నది. హోటలులో నీకు వేరే గ్లాసు పెట్టినను, బావివద్ద నిన్ను ఆపినను, ఒక నెల మొదలు ఆరు నెలల వరకు ఖైదు, దానితోకూడ జరిమానా. ఉచిత న్యాయసహాయమును గూర్చిన 1987 చట్టములోనైతే, స్త్రీయైనచో ఆమె ఆదాయమెంతయని గాని కులమేమని గాని అడుగనక్కరలేదు. 15100 అను నంబరుకు ఫోను చేయవచ్చును. మన సంఘములలో సగముకంటె ఎక్కువమంది స్త్రీలే గదా!

ఇచ్చట మరియొక మాట చెప్పక తప్పదు. ఆ 1955 చట్టపు 3వ సెక్షను ఆరాధన స్థలములను గూర్చినది. ఒకే మతమువారిలో కొందరికి తెరచియున్న మందిరములోనికి మరియొకనిని అంటరానితనము పేర రానీయకుండుట నేరము. ఒకే క్రీస్తు పేర మాలపల్లెకొక గుడి, మాదిగపల్లెకొక గుడి కట్టుకొని, ఒకరి ప్రభురాత్రి భోజనపు బల్లకు ఒకరు రాని గ్రామములు నేను చూచితిని. పేటలో గ్లాసులు వేరుగా నున్నవని ఎస్సైగారికి చెప్పుటకు లేచినవాడు, తన మందిరములోని పాత్రను గూర్చి ఎవరైన అడిగినయెడల ఏమి చెప్పును?

రెండేండ్ల క్రిందట మా గ్రామములో వేపచెట్టు క్రింద జరిగిన సభలో అధికారులు చెప్పుట ముగించి లేవబోవుచుండగా మా సంఘపు ముసలమ్మ యొకతె చేయి ఎత్తెను. "బాబూ, గ్లాసులు మారినయ్. సమాధుల దొడ్డికి దారే లేదు. శవాన్ని పొలం గట్టు మీద ఒకళ్ల వెనకాల ఒకళ్లం మోసుకు పోతున్నాం. మొన్న వానల్లో మా ఆయన్ని పెట్టెతో సహా జారవిడిచాం. ఇది హక్కుల్లోకి వస్తుందా?"

ఎవరును మాటలాడలేదు. తహశీల్దారుగారు మరల కూర్చుండిరి. "పెద్దమ్మా, అక్కడ ముందు డొంక ఉండేదా?" అని అడిగిరి. ఉండెడిదనియు, ప్రక్క పొలమువారు కొంచెము కొంచెముగా దున్ని కలుపుకొనిరనియు ఆమె చెప్పెను. ఆయన ఓపికతో వివరించిరి: డొంక అందరికిని పోయినచో అది రెవెన్యూవారు కొలిచి తేల్చవలసిన ఆక్రమణ, ఇతరులను పోనిచ్చి మిమ్మును మాత్రము ఆపినచో అది ఈ చట్టము క్రిందికి వచ్చును, శ్మశానమునకు పోవు దారి అందులో చేరియున్నది. ఏదైనను అర్జీ వ్రాసి ఇయ్యుడనిరి. మా యువజనులలో ఒకడు అక్కడనే నోటుపుస్తకములోని కాగితము చింపి వ్రాసెను. ముసలమ్మ వ్రేలిముద్ర వేసెను. తరువాత నలువది రెండు మంది సంతకములు చేసిరి. అందులో మా మందిరమునకు రానివారును ఉన్నారు.

ఆ అర్జీ నకలు, దానిమీద కార్యాలయపు ముద్రతో, మా మందిరపు బీరువాలో నున్నది. సర్వేయరు ఒకసారి వచ్చి హద్దురాళ్లు వెదకి, పైరు మీద గొలుసు లాగుట కుదరదని, కోత తరువాత వత్తునని చెప్పి పోయెను. కోతలు రెండయినవి. ఈ నెల సభ మా ప్రక్క గ్రామములో నున్నది. ముసలమ్మ వచ్చెదననెను. ఆమెను ఆటోలో తీసికొనిపోవుటకు యువజనులు ఒప్పుకొనిరి.