ఎర్రమలలో గవి వెతుకుతూ

నంద్యాల జిల్లాలో బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు ఎర్రమల కొండల్లో సున్నపురాయి ఎక్కువ. వాన నీళ్ళు ఆ రాతిని కరిగించి లోపల దారులు చేస్తాయి. మా వైపు వాటిని గవులు అంటారు. వాటి గురించి ఎప్పటినుంచో రాస్తూనే ఉన్నారు. బేతంచెర్ల దగ్గరి బిల్వస్వర్గం గుహల మీద న్యూబోల్డ్ 1844లో రాశాడు. నలభై ఏళ్ళ తర్వాత రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు అక్కడ తవ్వి ఎముకలు తీశారు. ఆ ఎముకల్లో ఒక ఖడ్గమృగం జాతికి కర్నూలు పేరే పెట్టారు. 1980ల మొదట్లో డేనియల్ గెబావర్ వెంట వచ్చిన జర్మన్ బృందం బెలుం గుహను కొలిచింది.

బెలుంకు ఇప్పుడు టికెట్టు ఉంది, లోపల లైట్లు ఉన్నాయి. చిన్న గవుల్లో చాలావాటికి పాత కాగితాల్లో ఒకటి రెండు వాక్యాలే ఆధారం. ఫలానా ఊరికి ఇన్ని మైళ్ళు, వంకకు ఎడమ గట్టున. అంతే. ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. పాత టోపోషీటు మీది అక్షాంశ రేఖాంశాలను సరిచేయకుండా జీపీఎస్‌లో వేస్తే వంద మీటర్లకు పైగా పక్కకు పోతాం. కొండల్లో అంత తేడా వస్తే ఇంకో లోయలో తేలతాం. ఇంకోవైపు నాపరాయి క్వారీలు విస్తరిస్తున్నాయి. రాసిపెట్టకపోతే కొన్ని గవులు ఉన్నాయన్న సంగతి కూడా మిగలదు. నేను జియాలజీ పాఠాలు చెబుతాను. సెలవుల్లో ఈ గవుల ముఖాలు ఒక్కొక్కటి వెతికి, ఫోటో తీసి, ఎత్తు వెడల్పు కొలిచి, ఏ దిక్కుకు తెరుచుకుందో, లోపలి నుంచి గాలి వస్తోందో లేదో, గబ్బిలాలు ఉన్నాయో లేవో రాయడం నా పని. మా పీజీ విద్యార్థి ఒకడు నాతో వచ్చేవాడు.

ఇది ఏ గవి దగ్గర జరిగిందో రాయను. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళు ఆ కొండల్లో తిరుగుతున్నారు.

మార్చి నెల. మొదటి రోజు పొద్దున్నే కొండ కింద గొర్రెల మంద దగ్గర ఆగి దారి అడిగాం. ఈ పనిలో అసలు ఆధారం గొర్రెల కాపరులే. ఏ మ్యాపులోనూ లేనిది వాళ్ళకు తెలుసు. ఒక పెద్దాయన చేత్తో చూపించాడు. "మర్రిచెట్టు కాడ నుంచి పైకి పోండమ్మా. పొద్దుగూకే లోపల దిగండి. దిగకపోతే మేమొచ్చి చూస్తాం" అన్నాడు. ఆ మాటే నన్ను బతికించింది.

ముఖం దొరికింది. పాత రాతలో చెప్పిన దిక్కే, చెప్పిన ఆకారమే. మనిషి వంగి దూరేంత ఎత్తు. చుట్టూ చూశాం, పైన రాతి చూరు కింద కూడా చూశాం. తేనెపట్టు కనిపించలేదు. అది బండ అవతలి ముఖాన ఉందని తర్వాత తెలిసింది. నేను టేపు పట్టుకున్నాను. మావాడు కొంచెం కింద నుంచి ఫోటో తీస్తున్నాడు.

ముందు శబ్దం విన్నాను. లారీ దగ్గరికి వస్తున్నట్టు అనిపించింది. ఈగలు ఎందుకు లేచాయో తెలియదు. గద్ద తగిలి ఉండొచ్చని కాపరులు అన్నారు. మొదటిది కంటి కింద కుట్టింది. తర్వాత లెక్క లేదు. కొండ తేనెటీగ కుట్టి ముల్లు వదిలేస్తుంది. ముల్లుకు ఉన్న విషపు తిత్తి ఆ తర్వాత కూడా విషం దింపుతూనే ఉంటుంది. దాని నుంచి వచ్చే వాసనకు మిగతావి అక్కడికే వస్తాయి. ఇవన్నీ నాకు ముందే తెలుసు. ఆ నిమిషంలో ఏదీ గుర్తుకు రాలేదు.

మావాడు "మేడమ్" అని అరిచాడు. ఒకసారి కాదు. నేను వెనక్కి తిరగలేదు. గవిలోకి దూరాను. మోకాళ్ళ మీద, మోచేతుల మీద పాకి వెలుతురు అందనంత లోపలికి పోయాను. నా వయసు వాడికి రెట్టింపు పైనే. వాడి అమ్మానాన్న నా మీద నమ్మకంతో పంపారు. ఆ సంగతి లోపల చీకట్లో కూర్చున్నాకే తలకెక్కింది.

హెల్మెట్ దీపం చుట్టూ ఈగలు మూగాయి. దీపం ఆర్పేశాను. చీకట్లోకి కొత్తవి రాలేదు. బట్టల్లో, జుట్టులో చిక్కినవి కుడుతూనే ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని తడిమి నలిపాను. రెండుసార్లు వాంతి అయింది. పెదవులు, నాలుక మందమయ్యాయి. గొంతు మూసుకుపోతుందేమోనని ప్రతి గుటకా మింగి చూసుకున్నాను. అక్కడ గాలి కదలడం లేదు, గబ్బిలాల పెంట కంపు. బయటికి పాకి చూస్తే ముఖం దగ్గర ఇంకా రొద. మళ్ళీ వెనక్కి పోయాను. ఫోనుకు సిగ్నల్ లేదు. వాడు బతికి ఉన్నాడో లేదో తెలియదు. చీరలోనో చుడీదార్‌లోనో రాకుండా ప్యాంటు, మందపాటి చొక్కా వేసుకున్నందుకు కొంత ఒళ్ళు దక్కింది. ఆ ప్యాంటు తడిసిపోయింది. గట్టిగా ఏడ్చాను. దేవుడి పేర్లు, మా అమ్మ పేరు, ఏవేవో పలికాను.

చీకటి పడ్డాక మనుషుల గొంతులు వినిపించాయి. మావాడు దొర్లుతూ, పడుతూ కిందికి చేరి మందను పట్టుకున్నాడు. ఆ పెద్దాయన, ఆయన కొడుకులు, ఇంకో ఇద్దరు వచ్చారు. చీకటి పడితే ఈగ అణుగుతుంది. వెన్నెల ఉంటే నమ్మకూడదట. ఆ రాత్రి వెన్నెల లేదు. టార్చిలైట్లు నేలకేసి పట్టి, పచ్చి ఆకుల పొగ వేసి పైకెక్కారు. ఒకతను లోపలికి పాకి నా చెయ్యి పట్టుకున్నాడు. "లెయ్యక్కా, మేముండాం" అన్నాడు. నేను లేవలేకపోయాను. నన్ను కంబళిలో చుట్టి బయటికి లాగారు. దారి బాగా లేనిచోట వంతులేసుకుని వీపు మీద మోశారు. ఒళ్ళు తడిసి, వాంతి కంపుతో ఉన్న పరాయి ఆడమనిషిని ఎవరూ ముఖం చిట్లించకుండా మోశారు. కింద ఆ పెద్దాయన భార్య నన్ను చాటుకు తీసుకుపోయి, ఒళ్ళు తుడిచి, తన చీర కట్టింది. గోటితో ముళ్ళు గీకుతూ నాతో మాట్లాడుతూనే ఉంది, నిద్రపోనివ్వలేదు. కాపరుల్లో ఒకతనికి తెలిసిన ఆటో వచ్చేదాకా ఆమె ఒళ్ళోనే నా తల ఉంది.

అర్ధరాత్రి దాటాక ఆసుపత్రికి చేరాం. ఇంజెక్షన్లు, సెలైన్ పెట్టారు. మావాడిని ఈగలు తక్కువగా కుట్టాయి. వాడు పక్క మంచం మీద కూర్చుని నన్ను చూస్తున్నాడు. "పిలిచావు, వినిపించింది" అన్నాను. "మీరు లోపలికి పోవాలనే అరిచాను మేడమ్" అన్నాడు. అది నిజమో, నా కోసం చెప్పాడో ఈనాటికీ అడగలేదు.

రెండో రోజు తేలికగా అనిపించింది. వాపు దిగలేదు కానీ మాట వచ్చింది. ఇంటికి పంపేయమని అడిగాను. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "మూత్రం ఏ రంగులో ఉందో చూసి చెప్పండి" అంది. సాయంత్రానికి అది డికాక్షన్ రంగులోకి మారింది. రాత్రికి రావడమే తగ్గిపోయింది.

ఇన్ని ఈగల విషం రక్తకణాలను, కండరాలను విరగ్గొడుతుంది. ఆ చెత్తంతా మూత్రపిండాల్లో అడ్డం పడుతుంది. పాముకాటుకు ఉన్నట్టు దీనికి విరుగుడు మందు వాడుకలో లేదు. మూత్రపిండాలు తేరుకునేదాకా ఒంటిని నిలబెట్టడమే వైద్యం. మూడో రోజు నన్ను కర్నూలు పంపించి డయాలసిస్ పెట్టారు.

ఆ వారాల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గ్లాసుతో కొలిచి నీళ్ళు ఇచ్చారు. మా ఆయన సెలవు పెట్టి నా మంచం కింద పడుకున్నారు. నన్ను బాత్రూముకు ఆయనే నడిపించేవారు. అన్నిటికంటే కష్టమైనది మావాడి వాళ్ళమ్మ నన్ను చూడటానికి రావడం. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆమె టిఫిన్ డబ్బా విప్పింది. డాక్టరు చెప్పినట్టు ఉప్పు తగ్గించి చేసిన జావ తెచ్చింది. "మావాడు బాగున్నాడు. మీరు తాగండి" అంది. స్పూనుతో పెడితే తాగాను.

మూత్రపిండాలు మెల్లగా తేరుకున్నాయి. ఇప్పుడు మామూలుగానే ఉన్నాను. పరీక్షలు మానలేదు. ఇప్పటికీ దూరం నుంచి మోటారు రొద వింటే చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంటాను. తరగతి గదిలో కూడా.

వానాకాలం గడిచాక మళ్ళీ ఆ కొండకు వెళ్ళాను. కాపరులు ముందు పోయి బండ రెండు వైపులా చూసి, పట్టు లేదని చెప్పాకే ఎక్కాను. మావాడూ వచ్చాడు. మిగిలిన కొలతలు తీసి నమోదు పూర్తి చేశాం. ఆ కాగితంలో కొత్తగా రెండు వరసలు చేర్చాం. ఒకటి ఏ నెలల్లో తేనెపట్టు ఉంటుందో, ఎటువైపు ఉంటుందో. రెండోది దగ్గరలో ఏ మంద ఎక్కడ దిగుతుందో. ఇప్పుడు మేం రాసే ప్రతి గవికీ ఆ రెండూ ఉంటున్నాయి.

మీరు ఇలాంటి పనికి వెళ్తుంటే, ఏ వేళకు దిగుతారో కింద ఒక మనిషికి చెప్పి వెళ్ళండి. ఆ మనిషి ఫోనులో ఉండేవాడు కాదు, కొండెక్కి రాగలిగినవాడు కావాలి. ఈగలు లేస్తే వీలైనంత దూరం పరుగెత్తండి, లేదా చీకట్లోకి పోయి దీపం ఆర్పండి. ముళ్ళను వెంటనే గీకేయండి. ఎక్కువగా కుడితే, నొప్పి తగ్గిందని ఇంటికి వెళ్ళిపోకండి. కొన్ని రోజులు మూత్రం రంగు చూసుకోండి, మూత్రపిండాల కోసం క్రియాటినిన్ పరీక్ష చేయమని మీరే అడగండి.