నాయన ఇవ్వని అర్జీ

మా అమ్మ దగ్గర ఓ ఇనుప తీగ ఉంది. కింద చెక్కముక్క, పైన వంకీ. కరెంటు బిల్లు, గ్యాసు రసీదు, కుళాయి పన్ను, ఏది కట్టినా ఆ చీటీ దానికి గుచ్చాల్సిందే. ఇది మా నాయన పెట్టిన అలవాటు. నాయన 2016లో పోయారు. తీగ మాత్రం వంటింటి గోడకు అలాగే వేలాడుతోంది.

2018 దసరాకు ఇంటికెళ్లినప్పుడు అమ్మ ఆ తీగను నా ఒళ్లో పెట్టింది. ‘బరువైపోయింది అబ్బయా, పాతవి తీసి పెట్టెలో వెయ్యి’ అంది. తీస్తూ తీస్తూ ఇంటిపన్ను రసీదు దగ్గర ఆగిపోయాను. ఆరు నెలలకు 1,940 రూపాయలు. నాయుడుపేటలో నాకు తెలిసిన వాళ్ల డాబా ఇంటికి కూడా అంత లేదు. మాది తాతల నాటి పాత మిద్దె!

ముందుగా ఓ మాట. నేను పెరిగింది నాయుడుపేటలో. నాయన అక్కడ స్కూల్లో మాస్టారు. అప్పట్లో నాయుడుపేట ఇంకా పంచాయతీయే. ఇప్పుడు నా కాపురం కూడా అక్కడే. అమ్మ ఉండే ఇల్లు మాత్రం మా అమ్మమ్మది. నాయన రిటైరయ్యాక 2008లో ఇద్దరూ అక్కడికి మారారు. అదీ నెల్లూరు కోస్తాలోనే ఒక చిన్న పట్టణం. పేరు రాయను. ఆ ఆఫీసులో తప్పు రాసినవాళ్లెవరో నాకు తెలీదు, దిద్దినవాళ్లు నాకు మంచినీళ్లిచ్చారు.

రసీదు పట్టుకుని ఆ రాత్రి కూర్చుంటే సంగతి కొంత అర్థమైంది. అమ్మమ్మ బతికుండగా వీధి గదిని ఓ టైలరుకు అద్దెకిచ్చింది. అమ్మానాన్నలు వచ్చేసరికే అతను ఖాళీ చేశాడు. ఆ గదిలో నాయన పడక్కుర్చీ వేసుకున్నారు, సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పారు. రికార్డులో మాత్రం అది దుకాణంగానే ఉండిపోయింది. టైలరు మిషను పోయి పదేళ్లయినా, మేం దాని పన్ను కడుతూనే ఉన్నామన్నమాట.

సిగ్గుపడాల్సిన విషయం ఒకటుంది. నేను పత్రికలో పనిచేస్తాను. ఊళ్లో వాళ్ల పింఛన్ల గురించి, రేషన్ కార్డుల గురించి ఎన్ని కథనాలు రాశానో లెక్కలేదు. మా ఇంటి బిల్లు వెనక్కి తిప్పి చూడలేదు.

అప్పట్లో మన మున్సిపాలిటీల్లో ఆస్తిపన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందన్న అంచనా. ఊరిని జోన్లుగా విడదీసి, చదరపు మీటరుకు ఇంత అని రేటు పెడతారు. ఆ రేటు మూడింటిని బట్టి మారుతుంది. ఏ జోను, ఏ రకం కట్టడం, దేనికి వాడుతున్నారు. 1990 నాటి నిబంధనల్లో కట్టడాలకు వరుస ఉంది. ఆర్‌సీసీ ఇళ్లది పైమెట్టు. మద్రాస్ టెర్రస్, రాతిపలకల కప్పు ఉన్నవి దాని కింద. తర్వాత మంగుళూరు పెంకులు, రేకులు. ఆపైన నాటు పెంకులు, గుడిసెలు. యజమానే కాపురముంటే ఇంటి వయసు తగ్గింపుతో కలిపి అద్దె విలువలో 40 శాతం మినహాయింపు. దుకాణానికి ఆ 40 శాతం మినహాయింపు వర్తించదు.

మద్రాస్ టెర్రస్ అన్న మాట చదవగానే తలెత్తి పైకి చూశాను. టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన సన్న ఇటుకలు, పైన సున్నం. చిన్నప్పుడు జ్వరమొస్తే పడుకుని లెక్కపెట్టిన దూలాలే. ఇనుప చువ్వ అన్నది ఆ కప్పులో ఎక్కడా లేదు.

‘రేపు ఆఫీసుకెళ్దాం’ అన్నాను. అమ్మ గబుక్కున, ‘ఎందుకులేబ్బా, కదిలిస్తే ఇంకా ఎక్కువేస్తారు’ అంది. ఈ భయం మీ ఇంట్లోనూ వినే ఉంటారు. తీరా చూస్తే అది మన దగ్గరే కాదు. మా పిన్ని కొడుకు ఇంగ్లండులో ఉంటాడు. అక్కడి కౌన్సిల్ టాక్స్ 1993లో వచ్చింది. 1991 ఏప్రిల్ నాటి ధరల ప్రకారం ఇళ్లను ‘ఎ’ నుంచి ‘హెచ్’ దాకా బ్యాండ్లుగా విడదీశారు. లక్షల ఇళ్లు కదా, చాలాచోట్ల కారు దిగకుండానే, వీధిలో పోతూ పోతూ అంచనా వేశారట. తప్పుడు బ్యాండు అని నిరూపించుకుని ఏళ్ల నాటి డబ్బు వెనక్కి తెచ్చుకున్నవాళ్లున్నారు. అయితే అడిగినందుకు బ్యాండు పెరిగే ప్రమాదమూ ఉంది. ‘అందుకే నేను అడగలేదు’ అన్నాడు వాడు ఫోన్లో. ఎంతైనా మా అమ్మ చెల్లెలి కొడుకు.

మర్నాడు పాత చీటీలు దాచే ట్రంకు పెట్టె తెరిచాం. అడుగున ఠావు కాగితం మీద నాయన దస్తూరీ. ‘గౌరవనీయులైన కమిషనరు గారికి...’ తేదీ 2009 జూన్. వీధి గది దుకాణం కాదని, ఇల్లు ఆర్‌సీసీ కట్టడం కాదని, దయచేసి తనిఖీ చేయించమని. గీత పెట్టి రాసినట్టు అక్షరాలు. కింద సంతకం లేదు.

అంటే ఆయనకు తెలుసు. తెలిసి ఏడేళ్లు కట్టారు.

అమ్మ ఆ కాగితం చాలాసేపు చేతిలో పట్టుకుంది. ‘ఊళ్లో వాళ్లకు ఎన్ని అర్జీలు రాసిచ్చాడో. తనది మాత్రం ఇవ్వలా’ అంది. తర్వాత కళ్లజోడు తుడుచుకుని, ‘ఇంటి కాగితాలు నా పేరునే ఉండాయి కదా. నేనే ఇస్తా. నువ్వు తోడు రా. ఆ ప్రెస్సు కార్డు మటుకు ఇంట్లో పెట్టి రా’ అంది.

నాయన మాటల్లోనే అర్జీ తిరగరాశాం. తేదీ, సంతకం మారాయి, అంతే. ముందు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి మా ఇంటి కొలతల కాగితం నకలు తీసుకున్నాను. మీరూ ఈ పని ముందు చేయండి. వాళ్లు ఏం రాసుకున్నారో చూడకుండా ఏది తప్పని వాదిస్తాం? అర్జీ రెండు ప్రతులు చేసి, ఒకదాని మీద ముద్ర, నంబరు వేయించుకున్నాం. ఆ నంబరు లేకుంటే తర్వాత మూడుసార్లు తిరిగినప్పుడు మా అర్జీ ఎవరికీ కనబడేది కాదు.

జనవరిలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, బిల్ కలెక్టరు టేపుతో వచ్చారు. దూలాలు చూశారు, ఫొటో తీసుకున్నారు. వీధి గదిలో నాయన పడక్కుర్చీ చూశారు. అంతా బాగానే ఉంది, ఇక వెళ్లబోతున్నారు. అప్పుడు అమ్మ, ‘పెరట్లో బాత్రూము కొలవలేదే?’ అంది.

నేను అమ్మ కొంగు పట్టుకు లాగినంత పని చేశాను. మోకాళ్ల నొప్పులతో నాయన మెట్లు దిగలేకపోతుంటే 2012లో కట్టించిన బాత్రూమది. కొలతల కాగితంలో లేదు. ఇన్‌స్పెక్టరు నా వంక చూశాడు, నేను గోడ వంక చూశాను. ‘లేనిది తీసెయ్యమని అడిగేటప్పుడు ఉన్నది చూపించొద్దా?’ అంది అమ్మ. కొలిచారు. ఆమె కాఫీ ఇచ్చింది.

2019 మార్చిలో ఉత్తర్వు వచ్చింది. బాత్రూముతో కలిపే ఆరు నెలలకు 1,030 రూపాయలు. మరి అదనంగా కట్టింది? డబ్బు చేతికివ్వరు, రాబోయే బిల్లుల్లో సర్దుతామన్నారు. అదీ మూడేళ్లదే, 5,460 రూపాయలు. అంతకుముందువి పాత రిజిస్టర్లలో ఉన్నాయి, కంప్యూటర్లోకి ఎక్కలేదట. నేను ఇంకా పోట్లాడదామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. నాకిప్పటికీ ఆ విషయంలో కొంచెం కోపమే.

అయితే ఆ పని అప్పుడే కావడం ఎంత మంచిదైందో రెండేళ్ల తర్వాత తెలిసింది. 2020లో చట్టం సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి అద్దె విలువ తీసేసి స్థలం, కట్టడాల మూలధన విలువ మీద పన్ను మొదలుపెట్టారు. విజయవాడ, విశాఖల్లో పన్ను చెల్లింపుదారుల సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. ఒక్కసారిగా భారం పడకుండా, పాత పన్ను మీద ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని హద్దు పెట్టారు. గమనించండి, పాత పన్ను మీద! పాతది తప్పయితే ఏటా 15 శాతం ఆ తప్పు మీదే ఎక్కేది.

నాలుగు బిల్లుల్లో చెల్లించాల్సింది సున్నా అని వచ్చింది. ఐదోది కొత్త పద్ధతిలో వచ్చి మిగిలిన జమ చాలావరకు మింగేసింది. సున్నా ఉన్న చీటీలు కూడా తీగకు గుచ్చాలా అని అడిగితే, అమ్మ నా వంక జాలిగా చూసింది.

ఇప్పుడు శనివారం నాయుడుపేట నుంచి బస్సు దిగి ఇంటికెళ్లేసరికి వీధి గదిలో ఎవరో ఒకరు బిల్లు పట్టుకుని కూర్చునుంటారు. అమ్మ కళ్లజోడు సర్దుకుని మొదట అడిగేది ఒకటే. ‘ముందిది చెప్పు. మీ ఇంటి కప్పులో దూలాలుండాయా, కమ్ములుండాయా?’