సత్వాలో శుక్రవారం పొద్దు

మా చిన్నప్పుడు దుబాయిలో సెలవంటే శుక్రవారమే. ఊరంతా ఆలస్యంగా లేచే ఆ రోజున, సత్వాలో మా వీధి చివరి పాకిస్తానీ హోటలు మాత్రం చీకటితోనే లేచేది. వాకిట్లోనే పెద్ద బాణలి పొయ్యెక్కేది. కాగిన నూనె వాసన, ఉడికే సెనగల మసాలా వాసన మా కిటికీ దాకా వచ్చేవి. నాన్న లుంగీ విడిచి ప్యాంటు తొడుక్కుంటే చాలు, మేం చెప్పుల కోసం పరిగెత్తేవాళ్లం.

బాణలి దగ్గర నిలబడే పెద్దాయనది లాహోర్. అందరికీ ఆయన చాచా. చపాతీ కర్ర ముట్టేవాడు కాదు. నూనె రాసిన మైదా ముద్దను అరచేతుల మధ్య అటూ ఇటూ కొట్టి, పల్చగా సాగదీసి బాణలిలోకి జార్చేవాడు. అమ్మ చేసే గోధుమ పూరీ నా చేతిలో ఇమిడేది. ఈ పూరీ పళ్లెం దాటి వేలాడేది. పక్కన గిన్నెల్లో కాబూలీ సెనగల కూర, నల్లజీలకర్ర వేసిన ఆలుగడ్డ కూర, ఊరగాయ, నెయ్యి తేలే రవ్వ హల్వా. మా ఇంట్లో తీపి చివర్లోనే. నేనిక్కడా హల్వా దాచుకుంటుంటే చాచా ఒప్పుకునేవాడు కాదు. "వేడి మీద తిను బేటా" అని పూరీ ముక్కలో చుట్టి చేతికిచ్చేవాడు. ఒక ముద్ద కారం, ఒక ముద్ద తీపి. అలా తినడం నాకు నేర్పింది ఆయనే.

నాన్నకు మాత్రం నిహారీ కావాలి. పెళ్లికి ముందు హైదరాబాద్ పాతబస్తీలో పొద్దున్నే నహారీ తిని పనికి వెళ్లిన మనిషి. అక్కడిది పాయా, నాలుక వేసి వండే పల్చటి పులుసు, తోడుగా కుల్చా. ఇక్కడిది రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన పిక్కమాంసం, మూలుగ. గోధుమపిండితో చిక్కబడిన రసం. పైన సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, పిండుకోవడానికి నిమ్మచెక్క. 1947 తర్వాత ఢిల్లీ నుంచి వలసపోయినవాళ్లు ఈ వంటను కరాచీకి పట్టుకెళ్లారని మాకు చెప్పింది నాన్నే. తందూరు రొట్టె తుంచుతూ ఆయనా చాచా రెండు నగరాల నిహారీల గురించి ఎంతసేపైనా మాట్లాడుకునేవారు.

చుట్టూ బల్లల దగ్గర పెషావర్ వైపు టాక్సీ డ్రైవర్లు, సత్వా దర్జీలు, మలయాళీలు, మన కరీంనగర్ మేస్త్రీలు. ఎక్కువమంది పెళ్లాంబిడ్డలను ఊళ్లో వదిలి వచ్చినవాళ్లే. దూద్‌పత్తీ చాయ్ తాగుతూ అక్కడే కూర్చుండిపోయేవారు. వారమంతా క్యాంపు గదుల్లో వండుకున్నదేదో తిని గడిపిన మనుషులకు ఈ ఒక్క పూట ఎందుకంత ముఖ్యమో అప్పట్లో నాకు తెలియదు.

చాచా మాటల్లోనే అర్థమైంది. పాకిస్తాన్‌లో 1977 నుంచి వారపు సెలవు శుక్రవారమే. ఆయన ఇక్కడ పూరీలు వేస్తున్న పొద్దునే లాహోర్‌లో ఆయన పిల్లలూ హల్వా పూరీ ముందు కూర్చునేవారు. 1997లో అక్కడ సెలవు ఆదివారానికి మారింది. "ఇక వాళ్లు తినే రోజు వేరు, నేను తినే రోజు వేరు" అని ఆయన నాన్నతో అనడం నాకిప్పటికీ గుర్తే. సముద్రం అవతల ఉన్నా ఒకే పొద్దున ఒకే వంట తినడం, ఆయనకు ఇంటివాళ్లతో కలిసి కూర్చోవడమే.

2022 జనవరి నుంచి దుబాయిలోనూ శని, ఆదివారాలు సెలవు. ఇప్పుడు లాహోర్‌లోనూ సత్వాలోనూ సెలవు పొద్దు మళ్లీ ఒకటే. ఆ మార్పు వార్త చదవగానే నాకు తట్టింది బాణలి ముందు నిలబడే మనుషులే. ఇంటికి దూరంగా బతికేవాళ్ల కష్టాన్ని వాళ్లు పంపిన డబ్బుతో, గడిచిన ఏళ్లతో లెక్కగడతాం. ఇంటివాళ్లతో కలిసి తినలేకపోయిన పూటలను కూడా ఆ లెక్కలో వేయాలి.