ఒత్తు విరిగిన చోటు

ఖరగ్‌పూర్‌లో తెలుగు వినడానికి వెతుక్కోనక్కర్లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పనికి వచ్చిన వాళ్ళ మనవలూ మునిమనవలూ మథురాకాఠీ వైపు ఇప్పటికీ తెలుగులోనే పోట్లాడుకుంటారు. రాయడం మాత్రం తక్కువ. అందుకే గోడపత్రిక కోసం ఎనిమిదో తరగతి అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుంటే నాకు పండగలా ఉంది. నాకిది అయిదో ఊరు. ఇలాంటి పండగలు ప్రతి ఊళ్ళోనూ దొరకవు.

"మేడమ్, రాష్ట్రం విరిగిపోయింది" అంది. చూస్తే నిజమే. అక్షరాలు లావు చేయగానే ష కింది ట ఒత్తు, ర ఒత్తు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు. తప్పు కనిపిస్తే తయారుచేసేవాళ్ళకి రాయొచ్చు కూడా. దాన్నే బగ్ రిపోర్ట్ అంటారు. ఆ అమ్మాయి వెంటనే రాసేసింది: "తెలుగు సరిగ్గా రావట్లేదు, దయచేసి బాగుచేయండి."

వాళ్ళ నాన్నగారిది రైలు పట్టాల విభాగం. "పట్టా పగిలితే నాన్నగారు ఫోన్లో ఏం చెప్తారు?" అని అడిగాను.

"కిలోమీటరు, స్తంభం నంబరు, అప్ లైనా డౌన్ లైనా, కుడి పట్టానా ఎడమదా..."

"ఊరికే పట్టా బాగాలేదంటే?"

"ఎక్కడికని వెళ్తారు మేడమ్!"

ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది. సాఫ్ట్‌వేర్ వెర్షన్, కంప్యూటర్‌లో నడిచే సిస్టమ్, ఫాంట్ పేరు, అక్షరాల సైజు తనే రాసింది. ఏం చేస్తే ఏమైందో వరసగా పెట్టింది. మామూలు అక్షరాల్లో బాగానే ఉందని, లావు చేస్తేనే చెడుతోందని విడిగా చెప్పింది. గోడపత్రిక మొత్తం కాకుండా ఆ ఒక్క మాట ఉన్న చిన్న ఫైలు జతచేసింది. ఈ సంగతి ఇంతకుముందు ఎవరైనా రాశారేమో కూడా వెతికాం, కనబడలేదు. ఇంగ్లీషు మాత్రం నేను కాస్త సరిచేశాను.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు వచ్చిన చిక్కు పెద్ద పిల్లలకు గుర్తుండకపోవచ్చు. ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఆ యాప్ కుప్పకూలేది. అది 'జ్ఞా'. అలాగని 'జ్ఞానం' అని రాసిన ప్రతిసారీ అలా అయ్యేది కాదు. 'జ్ఞ'కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు దూరితేనే. అంత కచ్చితంగా విడదీసి చూశాక, బెంగాలీలోనూ దేవనాగరిలోనూ అలాంటి కూర్పులే బయటపడ్డాయి. ఆపిల్ అదే నెల 19న దిద్దిన వెర్షన్ విడుదల చేసింది.

మాకు మాత్రం అంత తొందరగా జవాబు రాలేదు. వారాల తర్వాత వచ్చింది, అదీ ఒక ప్రశ్న: "ఈ రెండు బొమ్మల్లో ఏది సరైనది? నాకు తెలుగు రాదు." నాకు నవ్వు రాలేదు. ప్రపంచంలో ఏ మూలో కూర్చుని, తను చదవలేని లిపి కోసం సొంత సమయం పెడుతున్న మనిషి అడిగిన ప్రశ్న అది. కోడ్ ఆయనకు తెలుసు. ఒత్తు ఎక్కడ కూర్చోవాలో నా తరగతిలో రెండో బెంచీకి తెలుసు. ఆ అమ్మాయి రూళ్ళ కాగితం మీద 'రాష్ట్రం' అని గుండ్రంగా, పెద్దగా రాసింది. ఫొటో తీసి పంపాం.

అంతలో వాళ్ళ నాన్నగారికి బదిలీ ఆర్డరు వచ్చింది. టీసీ తీసుకునే రోజు నా దగ్గరికి వచ్చి రిపోర్ట్ నంబరు చేతి మీద పెన్నుతో రాసుకుంది. కాగితం ఇస్తానన్నా వినలేదు, సామాన్లలో పోతుందట. మనలాంటి ఇళ్ళల్లో అది నిజమే.

కొత్త వెర్షన్ వచ్చింది, సరిచూసి చెప్పమని మొన్న మళ్ళీ కబురొచ్చింది. మా కంప్యూటర్లో ఇంకా పాతదే ఉంది. నేను వాళ్ళమ్మగారి ఫోన్‌కి మెసేజ్ పెట్టాను. రాత్రికి జవాబు: "కొత్త స్కూల్లో చూశాను మేడమ్, రాష్ట్రం బాగుంది. కానీ 'స్త్రీ' కొంచెం పక్కకి జరిగింది. దానికి వేరే రిపోర్ట్ రాస్తున్నాను. రెండూ ఒకదాంట్లో కలపకూడదు కదా?"