మైదానంలో అంగడి

ఆటల మీద వ్యాసం రాయవలసి వస్తుందని నేనేనాడూ అనుకోలేదు. నేను చదివింది తెలుగు సాహిత్యం, చెప్పేది తెలుగు పాఠం. అయినా 2024 వేసవి సెలవుల్లో అమెరికాలో మా అక్కగారింట గడిపిన ఆరు వారాలలో పోటీ అనే మాటకు నాకు కొత్త అర్థం బోధపడింది. ఆ బోధ నాకు గౌరవం తెచ్చేది కాదు. అందుకే రాస్తున్నాను.

మా అక్కా బావా టెక్సాసులో, డాలస్ నగరానికి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో ఉంటారు. మనవాళ్లు విశేషంగా స్థిరపడిన ప్రాంతం అది. మేనకోడలికి అప్పుడు పద్నాలుగేళ్లు. ఆరో ఏటి నుంచీ ఫుట్‌బాల్ ఆడుతున్నది. అక్కడ దాన్ని సాకర్ అంటారు. నేను వెళ్లిన రెండో వారంలో ఇంట్లో చావు కబురు విన్నట్టయింది. ఏమిటా అంటే, పిల్ల ఆడే క్లబ్బు వచ్చే ఏటి నుంచి లీగు మారుతున్నదట. ఆ క్లబ్బు పేరు గాని, అది ఏ లీగు విడిచి ఏ లీగులో చేరిందన్నది గాని ఇక్కడ చెప్పను. దిశ మారినంత మాత్రాన కథ మారదు.

"లీగు మారితే ఏమయింది? బంతి అదే, మైదానం అదే గదా!" అన్నాను. బావ నా వంక జాలిగా చూశాడు.

అమెరికాలో ఆడపిల్లల ఫుట్‌బాల్‌కు ఒక చరిత్ర ఉన్నది. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం, కేంద్ర ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో స్త్రీపురుష వివక్షను నిషేధించింది. దాని మూలంగా కాలేజీలు ఆడపిల్లలకు కూడా జట్లూ, స్కాలర్‌షిప్పులూ ఏర్పరచవలసి వచ్చింది. ఆ దేశపు మహిళల జట్టు 1991, 1999, 2015, 2019లలో ప్రపంచ కప్పు గెలిచిందంటే ఆ గెలుపు వెనక ఈ చట్టం కూడా ఉన్నది. చట్టం వెనక స్త్రీల ఉద్యమం ఉన్నది.

అయితే హక్కు వచ్చిన చోటికే అంగడి కూడా వచ్చింది. కాలేజీ జట్టులో చోటు విలువైనదయింది గనక, ఆ చోటికి దారి చూపిస్తామనేవాళ్లు బయలుదేరారు. 2007లో జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య మగపిల్లలకు డెవలప్‌మెంట్ అకాడమీ పెట్టింది. ఆడపిల్లలకు అటువంటిది పదేళ్లదాకా పెట్టలేదు. ఈ లోపల 2009లో కొన్ని క్లబ్బులు కలిసి ఆడపిల్లలకు ఎలీట్ క్లబ్స్ నేషనల్ లీగ్ స్థాపించుకున్నాయి. 2017లో సమాఖ్య మేలుకొని ఆడపిల్లలకూ అకాడమీ తెరిచింది. క్లబ్బులు అటూ ఇటూ చీలాయి. తన పిల్లలు హైస్కూలు జట్లలో ఆడరాదన్నది అకాడమీ; ఆడవచ్చునన్నది పాత లీగు. అటు వెళ్లిన క్లబ్బులు కొన్ని త్వరలోనే వెనక్కి వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ కాలంలో, ఆర్థిక ఇబ్బందులు చెప్పి సమాఖ్య అకాడమీనే మూసేసింది. అందులోని క్లబ్బులు కొన్ని పాత లీగులో చేరాయి. మరికొన్ని అదే సంవత్సరం గర్ల్స్ అకాడమీ అనే కొత్త లీగు పెట్టుకున్నాయి.

పోటీ వల్ల ఆట బాగుపడుతుంది గదా అని ఎవరైనా అడగవచ్చు. జట్ల మధ్య పోటీ వల్ల తప్పకుండా బాగుపడుతుంది. కాని ఇది లీగుల మధ్య పోటీ. ఒక లీగు మరొక లీగుతో మైదానంలో తలపడదు; దాని క్లబ్బులను లాక్కుంటుంది. మ్యాచ్‌లు గెలిచినంత మాత్రాన క్లబ్బుకు లీగులో చోటు రాదు, నిర్వాహకులు చేర్చుకోవాలి. పైగా చేరేది క్లబ్బు గాని పిల్ల కాదు. అంచేత క్లబ్బు సంతకం చేసిన నాడే పిల్ల స్థాయి మారిపోతుంది. నిన్నటి కాళ్లే, నిన్నటి ఆటే. చొక్కా మీది గుర్తు మారింది గనక విలువ మారింది. ఫలానా లీగు మ్యాచ్‌లకు కాలేజీ కోచ్‌లు ఎక్కువగా వస్తారన్న నమ్మకమే ఈ విలువకు ఆధారం. ఆ నమ్మకం కోసం తలిదండ్రులు ఏటా వేల డాలర్లు ఖర్చు పెడతారు, పిల్లలను విమానాల్లో ఇతర రాష్ట్రాలకు తిప్పుతారు. కొద్దిమందికి ఫీజు రాయితీ దొరకవచ్చు. మొత్తం మీద ద్వారం దగ్గర నిలబడినది డబ్బే.

మేనకోడలి జట్టులో ఏడుగురు వారం తిరక్కుండా మరొక క్లబ్బు ఎంపికలకు వెళ్లారు. గోల్‌కీపర్ వెళ్లలేదు. ఆ పిల్ల మా పిల్లకు ప్రాణస్నేహితురాలు. తల్లి ఆస్పత్రిలో నర్సు, రాత్రి డ్యూటీలు. గంట దూరం కారులో తీసుకుపోవటం ఆమెకు సాధ్యం కాదు.

"మామయ్యా, నువ్వయితే ఏం చేస్తావు?" అని అడిగింది మేనకోడలు.

"స్నేహితులు ఎక్కడికీ పోరమ్మా. ముందు కాలేజీ సంగతి చూసుకో" అన్నాను.

అక్క తేలికపడింది. "కామ్రేడు కూడా మనలాగే మాట్లాడాడు" అని బావ నవ్వాడు.

ఆ నవ్వు నన్ను వెనక్కి తీసుకుపోయింది. లోగడ నేనొక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పని చేశాను. ఒక వేసవిలో దాని బోర్డు మారింది; పెద్ద సంస్థ ఒకటి దాన్ని తనలో కలుపుకున్నది. అవే గదులు, ఆ పంతుళ్లమే. ఫీజు మాత్రం పెరిగింది. ర్యాంకు వచ్చేటట్టున్న పిల్లలను ఏరి మరో ఊరి శాఖకు తరలించారు. నేను స్టాఫు రూములో గొణిగాను, ఒకటో తారీకున జీతం పుచ్చుకున్నాను. పిల్లలను సరుకుగా మారుస్తున్నారని తరవాత సభల్లో మాట్లాడాను కూడా. అదే నేను ఫ్రిస్కోలో మా పిల్లకు గుర్తు కొనుక్కోమని సలహా చెప్పాను.

అక్కను తప్పు పట్టను. ఒక్క కుటుంబం ఒంటరిగా కాదంటే నష్టపోయేది ఆ పిల్లే. ఈ పద్ధతి బలం అక్కడే ఉన్నది. ప్రతివాళ్లూ తమ బిడ్డకు మేలనుకున్న పనే చేస్తారు. అందరూ చేసిన ఆ పనివల్ల నర్సు కూతురు వెనకబడిపోతుంది. దీనికి ఇంట్లో విరుగుడు లేదు. ఆడుకునే చోటు అందరిదీ కావాలి.

అటువంటి చోటు అక్కడ బొత్తిగా లేకపోలేదు. 2025 జనవరిలో మేనకోడలు ఫోను చేసింది. హైస్కూలు జట్టులో తనకూ, ఆ గోల్‌కీపర్‌కూ చోటు దొరికిందట. అది జనం పన్నులతో నడిచే బడి. అక్కడా ఎంపిక ఉంటుంది. కాని ఏ లీగు గుర్తూ అడగరు, విమానం ఖర్చూ అడగరు. 2017లో అకాడమీ తన పిల్లలను ఆడవద్దన్నది సరిగ్గా ఇటువంటి జట్లలోనే.

"ఆ రోజు నేను చెప్పింది తప్పమ్మా" అన్నాను.

"ఫరవాలేదు మామయ్యా, అందరూ అదే చెప్పారు" అన్నది.

అందరూ చెప్పిన మాటే నేనూ చెప్పానన్నది నాకు ఓదార్పు కాలేదు.